లేని నల్లా తిప్పిన చెయ్యి

దయ్యం అన్న మాట వింటే నాకు నవ్వే వచ్చేది. మా అత్తగారు వాకిట్లో నిమ్మకాయ కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళేది. నేను దాన్ని కాలితో అవతలికి నెట్టి ముగ్గు పెట్టేదాన్ని. తేదీ, కొలత, తూకం ఉన్నదాన్నే నమ్మే మనిషిని. ఇప్పుడు రాసేది కూడా అలాగే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పట్టపగలు, మా సొంత కారులో జరిగింది.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. 1978 వానాకాలంలో మా ఆయన బ్రోకరు ద్వారా ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. తొర్రూరు, నెక్కొండ దుకాణాలకు సరుకు వెయ్యడానికి. అప్పటిదాకా మూటలన్నీ బస్సు టాపు మీదే వెళ్ళేవి. కారు వచ్చిన మూడో నెలలో ఆయన మగ్గం గుంటలో కాలు జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కారుంది, నడిపే మనిషి లేడు. దాంతో నలభై ఒకటో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అంతకుముందు నేను ఏ కారులోనూ ముందు సీట్లో కూర్చోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

నేర్పింది మా ఆయనే. పక్క సీట్లో కట్టుకట్టిన కాలు చాపుకుని అరుస్తూ నేర్పాడు. వాడకట్టు ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చి చూసేవారు. కొద్ది నెలల్లోనే ఆ పని నాకు ఎంత నచ్చిందంటే, సరుకు లేని రోజున కూడా కారు తుడిచి అద్దం సరిచేసుకునేదాన్ని.

మొదట గమనించింది కూడా ఆయనే. కారు ఆగడానికి ఇంకా మైలు దూరం ఉందనగా నా ఎడమ చెయ్యి డాష్‌బోర్డు కిందికి వెళ్ళేది. బొటనవేలు, చూపుడువేలుతో దేన్నో పట్టుకున్నట్టు ఎడమ వైపుకు తిప్పి, మళ్ళీ స్టీరింగ్ మీదికి వచ్చేది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. నున్నటి రెగ్జిన్ తప్ప.

"నీ చెయ్యి ఏడికి పోతాంది? ముంగట రోడ్డు చూడు" అనేవాడు.

"చెయ్యే కదా పోయేది, బండి పోతలేదు కదా" అనేదాన్ని.

వట్టి అలవాటు అనుకున్నాను. కానీ మీటరు చూస్తూ పోతే ఎటు వెళ్ళినా అంతే, ఆగే చోటికి మైలు ముందు. ఒకసారి రఘునాథపల్లి దాటాక, ఆగే పని ఏమీ లేకుండానే చెయ్యి కిందికి వెళ్ళింది. ఆయన పగలబడి నవ్వాడు. మైలు తర్వాత గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడి ఆగాల్సి వచ్చింది. ఆయన నవ్వడం మానేశాడు. అలా కుదిరిందంతే అన్నాను నేను.

ఈలోగా అసలు కష్టం వచ్చిపడింది. కారు లాగడం లేదు. ఖాళీగా ఉంటే సరే, మూటలు వేస్తే బ్రిడ్జి ఎక్కేచోట ఆయాసపడేది. సైకిళ్ళవాళ్ళు దాటిపోతూ వెనక్కి తిరిగి చూసేవారు. పెట్రోలు మాత్రం నీళ్ళలా తాగేది. ఇద్దరు మెకానిక్‌లు చూసి ఇంజన్ పని అయిపోయిందన్నారు. పాత ఇనుము కొనే ఆయన సోమవారం వచ్చి కారు తీసుకుపోతానన్నాడు. కారు పోతే మళ్ళీ బస్సులు, మూటలు. మా ఆయన కాలుతో అది అయ్యే పని కాదు. నిజం చెప్పాలంటే, స్టీరింగ్ వదలడం నాకే ఇష్టం లేదు.

శనివారం నాడు, చివరి ప్రయత్నంగా, హంటర్ రోడ్డులో యాకయ్య అనే మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఇంజన్ చప్పుడు వినడానికి అతను పక్కన కూర్చుని నన్ను నడపమన్నాడు. కాస్త దూరం పోయి షెడ్డుకు తిరిగి వస్తుంటే నా చెయ్యి తన దారిన తాను కిందికి వెళ్ళింది.

"అక్కా, గీడేం తిప్పుతానవ్?"

"ఏం లేదు తమ్మీ. చెయ్యికి తిక్క."

"ఆమె గట్లనే తిప్పుతది" అన్నాడు మా ఆయన వెనక సీట్లోంచి. "జీతం లేని నౌకరి."

యాకయ్య నవ్వలేదు. షెడ్డులో కారు ఆపాక కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పమన్నాడు. నా వేళ్ళు ఆగిన చోట సుద్దముక్కతో గీత గీసి, రెగ్జిన్ ఒలిచాడు. సరిగ్గా గీత కింద రేకులో రూపాయి బిళ్ళంత రంధ్రం. లప్పం పెట్టి మూసేసి ఉంది.

"గీడ నల్లా ఉండె అక్కా. బండిని గ్యాస్‌నూనె మీద నడిపిన్రు."

గ్యాస్‌నూనె అంటే కిరోసిన్, నల్లా అంటే కుళాయి. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజన్ వేడెక్కాక నల్లా తిప్పి కిరోసిన్ మీద నడిపేవారట. ఆగడానికి మైలు ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పాలి, లేకపోతే మరుసటిసారి స్టార్టు కాదు. ఆ మాట అతను మామూలుగా చెప్పాడు. నేను మాత్రం నా ఎడమ చేతిని చీర చెంగులో పెట్టుకున్నాను.

ఇక ఏం వెతకాలో యాకయ్యకు తెలిసిపోయింది. డిక్కీలో రెండో ట్యాంకు బిగించిన బోల్టు రంధ్రాలు దొరికాయి. పొగగొట్టం మొదట్లో రాగిగొట్టం చుట్టిన మచ్చలు దొరికాయి, నూనెను వేడిచేయడానికట. ఇంజన్ పైభాగం విప్పితే ఒకటి ఉండాల్సిన చోట రెండు గ్యాస్కెట్లు, ఒకదాని మీద ఒకటి. కిరోసిన్‌కు ఇంజన్ కొట్టుకోకుండా అలా వేసి ఒత్తిడి తగ్గిస్తారు. పెట్రోలు మీద నడిపితే అదే బలం తీసేస్తుంది.

"ఇంజన్ మంచిగనే ఉన్నదక్కా. దాని గొంతు మీద ఎవడో కూసున్నడు, గంతే" అన్నాడు యాకయ్య.

ఆదివారమంతా కూర్చుని ఒకే గ్యాస్కెట్టు వేసి బిగించాడు. సోమవారం పాత ఇనుము ఆయన వచ్చేసరికి మేం తొర్రూరు దారిలో ఉన్నాం. బ్రిడ్జి మీద ఈసారి సైకిళ్ళను నేను దాటాను, హారన్ కొట్టి మరీ.

కొత్తవాడలో మాత్రం తీర్పు ఇచ్చేశారు. ఆ కారు పాత డ్రైవరు చచ్చిపోయి ఉంటాడు, ఆయనే వచ్చి తిప్పుతున్నాడు అని. మా ఆయన బ్రోకరును పట్టుకుని పాత యజమాని పేరు రాబట్టాడు. నెక్కొండ సత్తయ్య, కారు కిరాయికి తిప్పేవాడట. తర్వాత నెక్కొండకు సరుకు వేసిన రోజున ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాం. ఫోటోకు వెయ్యడానికని మా ఆయన బంతిపూల దండ కూడా పట్టుకున్నాడు.

తలుపు తీసింది సత్తయ్యే. నిక్షేపంగా ఉన్నాడు, నోట్లో పాన్ నములుతూ. మా ఆయన దండను గబగబా సంచిలోకి తోశాడు.

కారును చూసి సత్తయ్యకు విషయం అర్థమైంది. "తప్పయింది చెల్లె. పెట్రోల్ ధరకు గుండె ఆగుతుండె. ఎట్ల పట్టిన్రు?" అన్నాడు. నా చెయ్యి సంగతి చెప్పాను. ఆయన నమలడం ఆపాడు. నల్లా చెవి విరిగిపోయిందట. మిగిలిన మొండిని రెండు వేళ్ళతో పట్టుకుని ఎడమకు తిప్పేవాడట. గాలిలో తిప్పి చూపించాడు. అచ్చం నేను తిప్పినట్టే.

చాయ్ తాగి బయలుదేరుతుంటే, పొలం దాకా దింపమని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. పొలం ఎక్కడ అంటే, "నువ్వు పోనియ్యి చెల్లె, వచ్చినప్పుడు చెప్త" అన్నాడు. ఆ దారి నాకు కొత్త. వరి పొలాల మధ్య వెళ్తున్నాం. సత్తయ్య మా ఆయనతో వానల గురించి మాట్లాడుతున్నాడు.

మాట మధ్యలో సత్తయ్య కుడి చెయ్యి, నా ఎడమ చెయ్యి ఒక్కసారే డాష్‌బోర్డు కిందికి వెళ్ళి ఒకదానికొకటి తగిలాయి.

ఇద్దరం చేతులు వెనక్కి లాక్కున్నాం. వెనక నుంచి మా ఆయన దగ్గాడు.

"నాదంటే ఏండ్ల అలవాటు" అన్నాడు సత్తయ్య మెల్లగా. "నీదేంది చెల్లె?"

నాకు తెలియదు. నల్లా తీసేశాకే ఆ కారు మా ఇంటికి వచ్చింది. నాకు ఎవరూ చెప్పలేదు. దయ్యం అందామంటే ఆ మనిషి బతికే ఉన్నాడు, నా పక్కనే కూర్చున్నాడు. ఎన్నిసార్లు మొదటి నుంచి లెక్క వేసినా ఇది తేలదు.

మీటరు చూస్తూ నడిపాను, మైలు తిరిగింది. తర్వాత సత్తయ్య "ఆపు చెల్లె, ఇదే" అన్నాడు.

అప్పటికే నా కాలు బ్రేకు మీద ఉంది.