కండలేటిలో అక్క దిగిన చోటు

అరవైల్లో ఒక క్రిస్మస్ సెలవుల్లో మా చర్చి యువజన సంఘం వాళ్లం కండలేటి మీద దోనెల్లో సముద్రం దాకా బయలుదేరాం. మనుబోలు దిగువన ఎక్కి, ఒడ్డున గుడారాలు వేసుకుంటూ కృష్ణపట్నం చేరాలి. మాకు పెద్దదిక్కుగా బడి మాష్టారు, ఆయన భార్య వచ్చారు. మా పెద్దమ్మ కూతురూ వచ్చింది. అక్క అప్పుడు నర్సు ట్రైనింగులో ఉండేది.

మొదటి రోజు పాటలతో, చేపల పులుసుతో గడిచిపోయింది. మర్నాడు ఏరు వెడల్పయింది, నీళ్లు ఉప్పగా మారాయి. మడచెట్ల మధ్య మా తెడ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురుగా ఒక్క పడవా రాలేదు. గుంజలకు కట్టిన వలలు ఎండి బిగుసుకుపోయి ఉన్నాయి. ఒడ్డున ఒక పల్లె దాటాం. పొయ్యి పొగ లేదు, కుక్క మొరగలేదు. మాష్టారి భార్య పాట ఆపేసింది.

మధ్యాహ్నం మా దోనె ఇసుక దిబ్బకు తగిలి, అందరి మంచినీళ్లూ ఉన్న కుండ పగిలింది. మిగిలినవి చెంబెడు నీళ్లు. తర్వాతి పల్లెలో బావి ఉందని మాష్టారు అటు తిప్పించారు.

ఒడ్డు ఇంకా కాస్త దూరముండగానే ఒకాయన మొలలోతు నీళ్లలోకి పరుగెత్తుకొచ్చాడు. తలగుడ్డ విప్పి ఊపుతున్నాడు.

"దిగబాకండి! అయ్యా, దిగబాకండి! బాయి నీళ్లు తాగినోళ్లందరికీ వాంతులు, విరోచనాలు. ఊరు ఖాళీ అయిపోయింది. నడవలేనోళ్లే మిగిలినారు."

"కలరా," అంది అక్క మెల్లగా. తర్వాత గొంతు పెంచి, "పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక బిడ్డ ఉంది. వాళ్లమ్మ పొద్దున పోయింది."

అక్క చీర కుచ్చిళ్లు దోపుకుంది. "మాష్టారూ, బియ్యం, ఉప్పు, బెల్లం, పెద్ద డేగిసా ఇయ్యండి. కట్టెలు ఇక్కడ దొరుకుతాయి. నీళ్లు కాచి తాపాలి."

"కుదరదమ్మా. మీ అమ్మకు నేనేం చెప్పాలి?"

"దిగినానని చెప్పండి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకోలేదు. "నువ్వు వీళ్లతో పో. పచ్చినీళ్లు మాత్రం తాగబాక," అంది. అంతే, ఏట్లోకి జారింది. ఆ ఊరాయన మేం అందించిన డేగిసా నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. గుడిసెల మధ్య ఇద్దరూ కనపడకుండా పోయారు.

ఆ సాయంత్రం మేం ఆగలేదు. ఆటు నీరు సముద్రం వైపు లాగుతున్న దిక్కుకే తెడ్లు వేశాం. నాలుక అంగిటికి అంటుకుపోతోంది. ఎవరైనా కడుపు పట్టుకుంటే చాలు, మిగతా వాళ్లందరం అటే చూసేవాళ్లం. ఒకడు పక్కకు వంగి వాంతి చేసుకున్నాడు. ఎండకేనని మాష్టారు అన్నారు, కానీ అతని పక్కనున్న వాళ్లు జరిగి కూర్చున్నారు.

మర్నాడు కృష్ణపట్నంలో దిగాక మాష్టారు నీళ్లయినా తాగకుండా ఆరోగ్య శాఖ వాళ్లను వెతుక్కుంటూ పోయారు. వాళ్లు మందులు, బ్లీచింగు పౌడరు తీసుకుని పడవలో ఎదురు పోయారు. మాలో ఎవరికీ ఏమీ కాలేదు. వాంతి చేసుకున్నవాడు సాయంత్రానికి ఇడ్లీలు తిన్నాడు.

పెద్దమ్మకు మాష్టారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె రోజూ వీధరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేది. ఆమె పక్కన కూర్చోవడానికి నాకు భయం వేసేది, అయినా కూర్చునేదాన్ని.

అక్క వచ్చేటప్పటికి బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. పెద్దమ్మ పెరట్లోనే వేడినీళ్లు పోసి, కట్టుకొచ్చిన చీరను తగలబెట్టింది. అన్నం తింటూ అక్క, ఆ బిడ్డ బతికిందనీ, వాళ్ల మేనత్త వచ్చి తీసుకుపోయిందనీ చెప్పింది.

"మనల్ని ఆపినాయన?" అని అడిగాను.

అక్క కంచంలో చెయ్యి ఆపింది. "మనం పోయిన రోజే ఆయనకు మొదలైంది. పోయినాడు," అంది.

పెద్దమ్మ లేచి, మజ్జిగ కోసం లోపలికి పోయి, చాలాసేపటికి గాని రాలేదు.