కనెక్షన్ లేని షవర్

దయ్యాలు, మహిమలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కడినుంచి లేచిపోయే మనిషిని నేను. కెమికల్ ఇంజనీరింగ్ డిప్లొమా చదివాను. కారణం లేకుండా ఏదీ జరగదని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా పాలిటెక్నిక్ సోమందేపల్లె దాటాక హైవే పక్కన. ప్రైవేటు కాలేజీ. చేరేటప్పుడు ల్యాబ్ చూపించి మురిపించారు. తెల్లటి టైల్స్ వేసిన బల్లలు, మూలన ఎమర్జెన్సీ షవర్. ఎవరిమీదైనా యాసిడ్ పడితే దాని గొలుసు లాగితే పైనుంచి నీళ్ళు కుమ్మరించాలి. చేరాక తెలిసింది, అది తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం బిగించిన బొమ్మ అని. దానికి నీళ్ళ కనెక్షనే లేదు. లాగితే తుప్పు రాలేది. ఆ గొలుసుకి మా ల్యాబ్ కోట్లు తగిలించుకునేవాళ్ళం. కళ్ళకు పెట్టుకోవాల్సిన అద్దాలు బీరువాలో పెట్టి తాళం వేశారు, మేము పోగొడతామట!

రెండో ఏడాది ఎండాకాలంలో కాలేజీ బోరు ఎండిపోయింది. ట్యాంకర్ నీళ్ళు డ్రమ్ములో పోసిపెడితే ముంచుకుని ప్రాక్టికల్స్ చేసేవాళ్ళం. ఆ రోజు మధ్యాహ్నానికి డ్రమ్ము కూడా అడుగంటింది.

నాగవేణి నా పక్కనే నిలబడి పని చేసేది. వాళ్ళమ్మ కూలికి పోయి చదివిస్తోంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా మూత బిగుసుకుపోతే గట్టిగా తిప్పింది. సీసా మెడ విరిగి యాసిడ్ ముఖం మీద చిమ్మింది.

"కండ్లు మండుతాండాయే! యాడుండావే?" అని నాకోసం చేతులు చాపి అరిచింది.

కొళాయి తిప్పాను. గాలి వచ్చింది. ఇంకేం ఆలోచించలేదు, ఆమెను షవర్ కిందికి ఈడ్చి గొలుసు లాగాను.

నీళ్ళు వచ్చాయి.

ధారగా, బలంగా. ఆ ఎండలకి ట్యాంకు నీళ్ళయితే చేయి కాలేది. ఇవి చల్లగా ఉన్నాయి. ల్యాబ్ నేలంతా నిండి వరండాలోకి పారాయి. మా ల్యాబ్ మేడం చూశారు, క్లాసంతా చూసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే కారు వచ్చేదాకా నీళ్ళు ఆగలేదు. నాగవేణిని బయటికి నడిపించగానే వాటంతట అవే ఆగిపోయాయి. గొలుసు అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు.

చూపు దక్కింది. బుగ్గ మీద మచ్చ మిగిలింది. వెంటనే అన్ని నీళ్ళు పోయకపోతే రెండు కళ్ళూ పోయేవని అనంతపురంలో డాక్టరు చెప్పారు.

మర్నాడు బల్లెక్కి చూశాను. పైపు గోడ దాకా వెళ్ళి అక్కడే ఆగింది. చివర మూత బిగించి ఉంది. మూత మీద సాలెగూడు, తడి అంటకుండా. గోడ అవతల క్లాసురూము, అటువైపు చిన్న రంధ్రం కూడా లేదు. మేడం కూడా ఎక్కి చూసి దిగారు.

నాగవేణి అమ్మ వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ ఏమన్నాడో వినండి. "మా షవర్ ఉండబట్టే నీ కూతురి కండ్లు నిలిచినాయి." పాపం, ఆమె ఆయనకు దండం పెట్టింది. నేను తట్టుకోలేకపోయాను.

"దానికి కనెక్షనే లేదు సార్."

"నీళ్ళు వచ్చినాయా లేదా? గొలుసు లాగింది నువ్వే కదా?"

"వచ్చినాయి. రాకపోయింటే?"

"వచ్చినాయి కదమ్మా! ఇంగేం కావల్ల నీకు?"

 ఫిర్యాదు చేద్దామన్నా, నీళ్ళు వచ్చాయని చెప్పడానికి క్లాసంతా సాక్ష్యం. నాగవేణి అమ్మ నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "ఆ నీళ్ళు ఎవురిచ్చినారో ఇచ్చినారు. ఊరుకో పాపా" అంది. ఎలా ఊరుకోమంటారు?

ఇప్పుడు నేను హిందూపురం వైపు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆ నీళ్ళు ఎక్కడివో నాకు అంతుపట్టలేదు. మొన్న సర్టిఫికెట్ పని మీద కాలేజీకి వెళ్ళి ల్యాబ్‌లోకి తొంగిచూశాను. షవర్‌కి కొత్తగా రంగు వేశారు. పైపు మాత్రం ఇప్పటికీ కలపలేదు. దాని పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన పిల్లలు యాసిడ్ ఒంపుకుంటున్నారు.