ఎవరి కోసమో ముందు రాయమన్న సార్

వనపర్తిలో మాకు సాఫ్ట్‌వేర్ పని నేర్పిన సార్ మొన్న శుక్రవారం కన్నుమూశారు. ఈ వార్తను ఎవరి హోదాలో, ఏ అవసరంతో, ఎందుకు తెలియజేస్తున్నానో పేర్కొనకపోతే ఆయన అంగీకరించేవారు కాదు. కనుక మనవి: ఆయన శిష్యుడిగా, ఆయన గురించి నలుగురికీ చెప్పుకోవాలని ఉంది, ఒక్కడినే మోయడం చేతకావడం లేదు గనుక.

ప్రోగ్రాం మొదలుపెట్టకముందే, దాన్ని వాడే మనిషి అవసరాన్ని ఆ మనిషి మాటల్లోనే చిన్న కార్డుపై రాయాలన్నది ఆయన నిబంధన. దానికి యూజర్ స్టోరీ అని పేరు. ఎవరికి, ఏం కావాలి, ఎందుకు. వెనుకవైపు, పని పూర్తయిందని ఎలా తెలుస్తుందో ఒక్క మాట. కార్డులో పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయరాదు, కోరికనే రెండుగా కోయాలి. కంప్యూటర్‌కు ఫలానాది కావాలని నేనొకసారి రాసుకెళ్తే, "కంప్యూటర్‌కు ఆకలి గాదుర. ఆకలయ్యేటోని పేరు రాయి" అన్నారు. ఆయన జేబులో ఎప్పుడూ పెన్సిలే ఉండేది. కారణం విచారించగా, మనుషులు మనసు మార్చుకుంటారనీ, అది నేరం కాదనీ సెలవిచ్చారు.

గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానకు టోకెన్ల ప్రోగ్రాం చేయవలసి వచ్చింది. సార్ నడిపే మా చిన్న ఆఫీసుకు అప్పుడు దొరికేలా ఉన్న పని అదొక్కటే. మేము కార్డులన్నీ రోగి పేరుతోనే రాశాం. సార్ చదివి, "పండుకున్నోడు టోకెన్ చూస్తడార?" అని అడిగి, మమ్మల్ని ఆ దవాఖాన వరండాలో కూర్చోబెట్టారు. మానవపాడు నుంచి ఎదిగిన కొడుకును జ్వరంతో తెచ్చిన ఒక తల్లి మా పక్కనే ఉంది. కొడుకు ఆమె ఒళ్లో తల పెట్టి బెంచీ మీదే పడుకున్నాడు.

"నీళ్లకు పోదామంటె, గప్పుడే పిలుస్తరేమోనని బుగులు సార్" అందామె.

సార్ కార్డు తీశారు. తోడు వచ్చిన తల్లిగా, నాకంటే ముందు ఎందరున్నారో బోర్డు మీద కనిపించాలి, లేచి నీళ్లు తాగి రావడానికి. వెనుకవైపు: ఆమె తాగి వస్తుంది, వంతు పోదు. చదివి వినిపిస్తే ఆమె గంతేనని తలూపింది.

ఆ మధ్యాహ్నమే దవాఖాన యజమాని అయిన డాక్టరు కార్డులన్నీ చూసి, ఇదొక్కటి పక్కన పెట్టారు. తోడు వచ్చినవారు తన పరిగణనలోకి రారనీ, బోర్డు దండగనీ, ఆ కార్డు తీసేస్తేనే పని ఇస్తాననీ స్పష్టం చేశారు.

"కార్డు ఎవరిదో వాళ్లే కొట్టెయ్యాలె డాక్టర్ సాబ్. ఆమె బయటనే ఉన్నది, పిలువమంటరా?" అన్నారు సార్.

పిలవమనలేదు. పని పోయింది. కొన్నాళ్లకు ఆఫీసూ మూతపడింది. సార్ చివరిదాకా పిల్లలకు టైపు నేర్పుకుంటూ బతికారు. ఈ విషయమై ఆయన ఎవరికీ ఫిర్యాదు చేసిన దాఖలాలు లేవు.

ఆ రోజు బయటికి వచ్చి బస్టాండు దారి పట్టబోతూ నేను వెనుదిరిగి చూశాను. సార్ ఆమె ముందు వంగి, "నువ్వు పోయిరా అమ్మ, పిలిస్తె నేను పలుకుత" అంటున్నారు. ఆమె లేచి వెళ్లింది. ఆమె చోట సార్ కూర్చున్నారు, ఆ కొడుకు తలను తన ఒళ్లోకి తీసుకుని. లోపలి నుంచి ఎవరి పేరు వినిపించినా, ఆ తల జారకుండా అరచెయ్యి పెట్టి, సగం లేస్తున్నారు.