ఓడలో పెగ్గు ధర

యాభై దాటాక తెలుగు అక్షరాలు దిద్దాను. ఆ తర్వాత మనవరాలి పక్కన కూర్చుని ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను. పోయిన ఏడాది మా అమ్మాయి నన్నూ, మా ఆయన్నీ చెన్నైలో పెద్ద ఓడ ఎక్కించింది. అదొక ఊరే నీళ్ల మీద కదులుతున్నట్టుంది. ఎంత తిన్నా ఎవరూ డబ్బు అడగలేదు. దాంతో మా ఆయన ధీమాగా బారులో కూర్చుని, "మందు కూడా టికెట్లోదేనే. ఇయ్యాల నన్ను ఆపబాక," అన్నాడు.

బల్ల మీది కార్డు తీసి, విస్కీ అన్న మాట కూడబలుక్కున్నాను. దాని పక్కన తొమ్మిది వందలని ఉంది.

"అది రూము నంబరేమోనే!"

"కాదయ్యా, రూపాయలని రాసుంది. ఒక్క పెగ్గుకే."

మా రెంటచింతల ఎండలో రెండు రోజులు మిరపకాయలు కోస్తే వచ్చే కూలి అది. ఆయన కార్డు మీదికి వంగి, "ఓరి నాయనో! కిందేం రాశారో కూడా చదువు," అన్నాడు.

కింద రెండు వేలది ఉంది, అయిదు వేలది ఉంది. నేను వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతుంటే, కాపురానికొచ్చిన నాటి నుంచి నా మాట సగంలోనే తుంచేసే మనిషి, మందు సంగతి మరిచిపోయి, నోరు తెరుచుకుని కార్డు చివరిదాకా విన్నాడు.