గంగమ్మ వేలు, గుప్పెడు బట్టల సోడా

రండమ్మా, రండప్పా, ఇంకొంచెం దగ్గరికి జరగండి. నా గొంతు ఇప్పుడు దూరం పోదు. నేను బడిలో ఆయాగా పనిచేశానని మీకందరికీ తెలుసు. ఓట్ల పని కూడా చేశానని చాలామందికి తెలియదు. అది చెబుతాను, వినండి.

యాభైల చివరి రోజులు. వానలు తగ్గుముఖం పట్టాయి. మా వైపు పార్లమెంటు సభ్యుడు ఒకాయన ఉన్నట్టుండి కాలం చేశారు. ఆ ఒక్క స్థానానికి మళ్ళీ ఓట్లు పెట్టారు. ఉపఎన్నిక అంటారు దాన్ని. మా కన్నడ ఊళ్ళో, గాజుల అంగళ్ళుండే బళేపేట వెనక సందులో ఆడపిల్లల బడి ఉండేది. అందులో నేను ఆయాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ బడినే ఆడవాళ్ళు ఓటు వేసే చోటుగా పెట్టారు. పరాయి మగవాడు చెయ్యి పట్టుకుని సిరా పెడతానంటే ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఇంటికి పోయేవారు. అందుకని సిరా పెట్టే పని నాకు వేశారు. ఆర్డరు కాగితం మా బడి టీచరమ్మ చదివి చెప్పింది. నేను చదివింది మూడో తరగతి, సంతకం మాత్రం గుండ్రంగా పెట్టాను.

పని ఎలా ఉండేదో చెబుతాను. గదిలో అందరికంటే పెద్ద ప్రిసైడింగ్ ఆఫీసరు. ఆయన వేరే పేటలో కన్నడ హైస్కూలు హెడ్మాస్టరు, అందరం సార్ అనేవాళ్ళం. మొదటి బల్ల దగ్గర ఒక గుమాస్తా జాబితాలో పేరు చూసి పైకి చదువుతాడు. అభ్యర్థుల తరఫు ఏజెంట్లు బెంచీ మీద కూర్చుని వింటారు. అభ్యంతరం ఉంటే వాళ్ళు అప్పుడే చెప్పాలి. తర్వాత ఆ అమ్మ నా దగ్గరికి వస్తుంది. ఎడమచేతి చూపుడువేలు చూసి, గుర్తు లేకపోతే గోరు మొదట్లో, కొంచెం చర్మం మీదికి కూడా వచ్చేటట్టు పుల్లతో గీత పెట్టాలి. పెట్టినప్పుడు ఆ సిరా పల్చగా ఊదారంగులో ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. గీత ఆరాక మూడో బల్ల దగ్గర ఓటు చీటీ ఇస్తారు. తర్వాతి రోజుల్లోలాగా చీటీ మీద ముద్ర వెయ్యడం అప్పుడు లేదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద వాళ్ళ గుర్తు బొమ్మ. తనకు కావలసిన పెట్టెలో చీటీ వేసి రావడమే.

పొద్దున పది గంటలప్పుడు, రద్దీ బాగా ఉండగా, రంగుల కార్ఖానె నుంచి నలుగురు ఆడవాళ్ళు ఒకటిగా వచ్చారు. మా బడికి రెండు సందుల అవతల ఆ కార్ఖానె. పట్టునూలు చుట్టల్ని, చిలపలంటాం వాటిని, వేడి రంగుతొట్టిలో ముంచి తిప్పడం వాళ్ళ పని. ఆ వారం ముదురు నీలం వేస్తున్నారు కాబోలు, మణికట్ల దాకా చేతులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నేను పుట్టింది దొడ్డబళ్ళాపురంలో, మగ్గం ఉన్న ఇంట్లో. అలాంటి చేతులు నాకు కొత్తా ఏమిటి? చూసి చూడనట్టే ఆ నల్లటి వేళ్ళ మీద సిరా గీతలు పెట్టి పంపేశాను. పెట్టిన గీత నా కంటికే కనపడలేదు. కనపడకపోతే తప్పని అప్పుడు నాకు తోచలేదు. వాళ్ళలో ఒకావిడ పేరు లక్షమ్మ.

సాయంత్రం నాలుగు దాటింది. అయిదుకు గేటు మూస్తారు. అప్పుడు గంగమ్మ వచ్చింది, ఆ లక్షమ్మ తోడికోడలు. భర్త పోయిన మనిషి, అదే కార్ఖానెలో పని, అవే చేతులు. తలమీద కొంగు కప్పుకుని, పని మధ్యలో లేచి వచ్చినట్టు ఆయాసపడుతోంది. గుమాస్తా పేరు చదివాడో లేదో, ఏజెంటు రుద్రప్ప బెంచీ మీద నుంచి లేచాడు. ఆయనకు బళేపేటలో గాజుల అంగడి.

"సార్, ఈయమ్మకు చీటీ ఇయ్యకండి. పొద్దున లక్షమ్మ అని చెప్పి వేసిపోయింది, ఇప్పుడు గంగమ్మ అని వచ్చింది. అదే చెయ్యి, అదే కొంగు. నా కళ్ళతో చూసినాను."

గంగమ్మ వెంటనే తిరిగింది. "నీ కళ్ళు అంగట్లో మర్చిపోయి వచ్చినట్టుండావు కదప్పా! పొద్దున వచ్చింది నా తోడికోడలు. నేను ఇప్పుడే తొట్టి కాడ్నుంచి వస్తా ఉండాను."

"అట్లయితే ఆ లక్షమ్మను పిలిపించు."

"యాడ్నుంచి పిలిపించేది? చిలపలు తీసుకోని మధ్యాన్నం బస్సుకే దొడ్డబళ్ళాపురం పాయె."

"చూసినారా సార్? వేలు చూడండి, ఎంత నల్లగుండాదో!"

"పది వేళ్ళూ నల్లగా ఉండాయి. అంటే పదిసార్లు వేసినానా?"

వరుసలో ఆడవాళ్ళు నవ్వారు. రెండో పక్షం ఏజెంటు, ఈమె నాకు తెలుసు, గంగమ్మే అన్నాడు. ఆయన మాట తీసుకుంటే సార్ ఒక పక్షం వైపు మొగ్గినట్టు అవుతుంది. సార్ మెత్తని మనిషి, రూలు దగ్గర మాత్రం గట్టి. వేలి మీద గుర్తు ఉంటే చీటీ ఇవ్వకూడదని, ఇంకొకరి పేరు చెప్పి ఓటు వేయడం నేరమని, అలాంటి మనిషిని రాతపూర్వకంగా పోలీసుకు అప్పగించాల్సి ఉంటుందని కన్నడంలో నిదానంగా చెప్పారు. గుమ్మం దగ్గర ఉన్న కానిస్టేబులు ఒక అడుగు లోపలికి వేశాడు.

అప్పుడు గంగమ్మ గొంతులో ఆ పొగరు పోయింది. "స్టేషనుకా? సార్, మా కార్ఖానె యజమాని పోలీసోళ్ళ ఊసంటేనే ఒప్పడు. ఈ పొద్దు స్టేషను మెట్టు ఎక్కితే రేపు నన్ను తొట్టి కాడికి రానియ్యడు. ఇద్దరు బిడ్లుండారు నాకు. ఓటుకు వచ్చినందుకా ఇదంతా?"

ఇంటికి పో, వదిలేస్తాం అన్నాడు గుమాస్తా, జాలిపడే అన్నాడు. ఆమె పోలేదు.

"పోతే దొంగదాన్ని అయితాను కదప్పా. నేను పోను. చీటీ అయినా ఇయ్యండి, స్టేషనుకయినా పంపండి."

తప్పు ఎక్కడ జరిగిందో ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. పొద్దున లక్షమ్మ చెయ్యి కడిగించి గీత పెట్టి ఉంటే, నల్లటి వేళ్ళను కూడా కడిగి చూస్తారని అందరికీ తెలిసేది, ఇప్పుడీ గొడవ ఉండేది కాదు. చెబితే నా ఉద్యోగం సంగతి ఏమవుతుందో అనుకున్నాను. గంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకోవడం చూసి లేచి నిలబడ్డాను. "సార్, పొద్దున నలుగురికి రంగు మీదనే సిరా పెట్టినాను. గీత కనపడలేదు. తప్పు నాది" అన్నాను.

రుద్రప్ప ఎగిరాడు. "చూడండి సార్, ఈయమ్మదీ మగ్గం ఇల్లే! వాళ్ళ మనుషులని వదిలేసింది."

"మా మనుషులైతే ఏంది రుద్రప్పన్నా, సిరాకు కులముంటాదా?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. సార్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. ఇప్పుడేం చెయ్యాలంటావు అని నన్నే అడిగారు.

అడిగేసరికి మా అమ్మ గుర్తొచ్చింది. పట్టుచీరను సోడాలో వేశానని చిన్నప్పుడు నన్ను కొట్టింది. పట్టుకు వేసే రంగుకు సోడా పడదు, నీళ్ళలోకి దిగిపోతుంది. ఇది పట్టు కట్టిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. సర్కారు సిరా మాత్రం దేనికీ లొంగదు. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి కొబ్బరిపీచుతో రుద్దిస్తే రంగు దిగుతుంది, సిరా పెట్టి ఉంటే అది రంగును దాటి చర్మాన్ని పట్టుకుంటుంది, మిగులుతుంది అని చెప్పాను.

"సోడాకు సిరా కూడా పోతే?" అన్నాడు రుద్రప్ప. న్యాయమైన ప్రశ్నే.

పొద్దుటి నుంచి సీసాలో పుల్ల ముంచీ ముంచీ నా బొటనవేలికి, చూపుడువేలికి సిరా అంటి నల్లబడి ఉంది. "నా వేళ్ళు కూడా అదే నీళ్ళలో పెడతాను. నాది పోతే ఆమెది నమ్మకండి" అన్నాను.

సార్ రెండు పక్షాల ఏజెంట్లనూ అడిగారు, ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను పని వదిలి బయటికి పోకూడదు. అందుకని కానిస్టేబులును పంపారు. "పట్టుకోను పిలిచి, అంగడికి పంపిస్తారా సార్" అని గొణుగుతూనే ఆయన ఎదురు కొట్లో సోడా పొట్లం, కాఫీ హోటల్లో చెంబుడు వేడినీళ్ళు తెచ్చాడు. బడి బొక్కెన కడిగి అందులో పోశాం.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని రుద్దుకున్నాం. నీళ్ళు నీలంగా తిరిగాయి. గంగమ్మ వేలు మెల్లగా మనిషి వేలు రంగుకు వచ్చింది. గోటి అంచున కొంచెం నీలం నిలిచింది, అంతే. గోరు మొదట్లో, గీత ఉండాల్సిన చోట, ఏమీ లేదు. నా వేళ్ళేమో చర్మం ఎర్రబడేట్టు రుద్దినా మచ్చలు అలాగే ఉన్నాయి. సార్ మా ఇద్దరినీ కిటికీ దగ్గరికి పిలిచి వెలుతురులో చూశారు. ఏజెంట్లను కూడా చూడమన్నారు. రుద్రప్ప కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, ఇంకోసారి చూశాడు.

"లేదు సార్. గుర్తు లేదు. నేను చూసింది ఈయమ్మను కాదు" అన్నాడు. ఆ మాట గట్టిగానే అన్నాడు, అది ఆయన మంచితనం.

"గాజులు బేరం చేసేటప్పుడు మాత్రం బాగా గుర్తు పడతావే!" అంది గంగమ్మ. ఈసారి సార్ కూడా మీసం కింద నవ్వుకున్నారు.

నేను ఆ కడిగిన వేలి మీద గీత పెట్టాను. కనపడిందా అని వంగి చూశాను. కనపడింది. ఆమె చీటీ తీసుకుని తెర వెనక్కి పోయి, వేసి, చెయ్యి పైకెత్తి చూసుకుంటూ బయటికి వచ్చింది. కానిస్టేబులు పక్కకు తొలగి దారి ఇచ్చాడు.

అప్పటి నుంచి రంగు చేతులున్న ప్రతి మనిషినీ ముందు బొక్కెన దగ్గరికి పంపాం. వరుస చివర కొంగులో చెయ్యి దాచుకున్న ఒకావిడ బొక్కెన చూసి, పొయ్యి మీద పాలు పొంగిపోతాయని చెప్పి వెళ్ళిపోయింది. చీటీ అడగని మనిషిని ఆపడానికి రూలు లేదు. ఎవరూ ఆపలేదు. అయిదుకు గేటు మూశారు. లోపల వరుసలో ఉన్నవాళ్ళందరి ఓట్లూ పడ్డాక పెట్టెలకు సీలు వేశారు.

సార్ సర్కారుకు పంపాల్సిన ఓట్ల డైరీలో అంతా రాశారు. రంగు మీద సిరా పెట్టిన నా తప్పు రాశారు, నేనే లేచి చెప్పినట్టూ రాశారు, నాకు చదివి వినిపించి సంతకం పెట్టించారు. కొన్ని వారాలకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. టీచరమ్మ చేత జరిగింది జరిగినట్టు రాయించి పంపాను. జవాబు రాలేదు. జవాబు రాకపోవడమే మంచి జవాబని టీచరమ్మ అంది. మరుసటి ఏడు నా ఉద్యోగం ఖాయమైంది. గంగమ్మ కూడా ఆ కార్ఖానెలోనే చాలా ఏళ్ళు పనిచేసింది.

తర్వాత కూడా నాకు ఓట్ల పని పడింది. ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. గీత పెట్టాక అది కంటికి కనపడుతున్నదా అని చూసుకోవాలి. కనపడకపోతే ఆ నిమిషంలోనే పైవాళ్ళకు చెప్పాలి. పొద్దున చెప్పి ఉంటే నాకు ఒక మాట పడేది, అంతే. సాయంత్రం దాకా చెప్పనందుకు ఏ పాపం ఎరగని ఒక మనిషి పోలీసు ముందు నిలబడింది.

సరే, ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇళ్ళలో పనిచేసే చేతులకు పని ఉండుగాక, ఆ పనికి పేరు ఉండుగాక. చేయని తప్పుకు మీ గడపలో ఎవరూ తలవంచుకునే రోజు రాకుండుగాక. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.