నెమలి పొట్టలో గిన్నె

ఇల్లు మారేటప్పుడు నాకు పూనకం వస్తుంది. వాడని వస్తువు కంటబడితే చాలు, బయటికి సాగనంపేదాకా కుదురుండదు. హఫీజ్‌పేట నుంచి పుప్పాలగూడ ఫ్లాటుకు మారినప్పుడూ అంతే. సరిగ్గా ఆ వారమే మాదాపూర్‌లో మా ఆఫీసు వాళ్ళు ఇంట్లో పాత సామాన్లుంటే తెమ్మన్నారు. వాటితో గేటు బయట, రోడ్డున పోయేవాళ్ళందరికీ కనబడేలా పెద్ద నెమలిని చేయిస్తారట. సొట్టలు పడ్డ స్టీలు గిన్నెలు, మూతలేని క్యారియరు, గరిటెలు సంచిలో కుక్కి ఇచ్చేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు సంచితో ఫొటో కూడా దిగాను.

కొత్తింట్లో అమ్మ మూడు రోజులు అట్టపెట్టెలన్నీ వెతికింది. నాలుగో రోజు అడిగింది.

"ఏరా, అక్క గిన్నె ఏదిరా?"

అక్క నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే పోయింది. ఆ గిన్నె తన అన్నప్రాశనకి మావయ్య తెచ్చింది. మా వైపు స్టీలు సామాను ఏది కొన్నా దాని మీద పేరు కొట్టిస్తారు. అక్కకి ఫొటో లేదు, పుట్టినట్టు కాగితం లేదు. తన పేరు రాసి ఉన్నది లోకంలో ఆ గిన్నె మీద ఒక్కచోటే. అది తెలిసి కూడా, సంచి నింపే తొందరలో ఏది చేతికొస్తే అది వేసేశాను.

చెప్పాను. "పోనీలే," అంది అమ్మ. నాలుగు తిట్టినా బాగుండేది.

నెమలిని నిలబెట్టాక ఒక ఆదివారం పొద్దున్నే అమ్మను తీసుకెళ్ళాను. తోకంతా గరిటెలూ సీడీలూ, కాళ్ళు పాత బండ్ల సైలెన్సర్ గొట్టాలు. చుట్టూ రెండుసార్లు తిరిగాం. నా క్యారియరు కనబడింది, గిన్నె లేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఇంతలో అమ్మ నెమలి పొట్ట కిందికి వంగి, అలాగే ఉండిపోయింది. గిన్నెను తలకిందులుగా అతికించారు. చుక్కలు చుక్కలుగా ఉన్న అక్షరాలను అమ్మ వేలితో తడుముతోంది.

గేటు దగ్గరి సెక్యూరిటీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ముట్టకు. సార్లు జూస్తే నన్నంటరు."

"మా పాప గిన్నె తల్లీ," అంది అమ్మ.

"చేసినాయన్ని అడిగి తీయిస్తానమ్మా," అన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దురా. తీస్తే మళ్ళీ అలమరలోనేగా పెడతాను."

సెక్యూరిటీ ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. టోపీ తీసి పక్కన పెట్టి, కింద కూర్చుని, మెడ వంచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అక్క పేరు పైకే చదివింది.

"మంచి పేరమ్మా. ఇగ ఫికర్ జెయ్యకు. దుమ్ము వడ్తే నేను తుడుస్త."

ఇన్నేళ్ళలో ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. అమ్మ నోట కూడా.

అమ్మ ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఇంకోసారి చదువు తల్లీ," అంది.