అక్క తెచ్చిన పెట్ట

పొద్దున్నే సరుకులకని తిరువూరు వెళ్లాను. బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన దుకాణంలో ‘అసలైన నాటుకోడి గుడ్లు’ అని రాసి ప్లాస్టిక్ పెట్టెలు పేర్చారు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, అచ్చు పోసినట్టు. చూడగానే నాకు ఒళ్లు మండింది. నాటుకోడి గుడ్లు ఎక్కడైనా ఒకే సైజులో ఉంటాయా? ఒకటి కోలగా, ఒకటి పిడికిట్లో దాగేంత చిన్నగా, ఒకదానికి రెట్ట మరక, ఇంకోదానికి ఈక అంటుకుని ఉండాలి. “ఇవి ఏ కోళ్లు పెట్టాయయ్యా?” అని అడిగితే దుకాణం ఆయన “కంపెనీ కోళ్లండీ” అన్నాడు, అదేదో గొప్ప విషయమైనట్టు. నాటుకోడికి కంపెనీ ఏంటో నా మొహం! అయినా ఒక పెట్టె కొనుక్కొచ్చాను. ఏం చేస్తాం, పోయిన వేసవి నుంచి గుడ్డు కావాలంటే నాకు దుకాణమే గతి. అంతకుముందు గోడ మీదుగా చెయ్యి చాపితే చాలేది.

గోడవతల ఇల్లు మా వదినది. వదినంటే చుట్టరికం ఏమీ లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గోడ మీదుగా గోంగూర పచ్చడి అందించిన మనిషిని ఏమని పిలవాలో తెలియక వదినా అన్నాను, అదే ఉండిపోయింది. వాళ్ల వాకిలి నిండా కోళ్లే. స్కూటీ సీటు మీద ఒకటి, దండెం కింద బట్టల బుట్టలో ఒకటి, వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెలో గుడ్లు పొదిగే పెట్ట ఒకటి. ఆ పెట్టె పక్కగా ఎవరైనా నడిస్తే చాలు, పురిటి గది ముందు కాపలా కూర్చున్న ముసలమ్మలా వదిన “మెల్లగా, మెల్లగా” అని చెయ్యి ఊపేది. ఆ కోళ్లు గోడ దూకి వచ్చి నేను ఎండబెట్టిన వడియాలన్నీ కెలికి పోసేవి. “వదినా, మా వాకిలి నీ కోళ్లకి రాసిచ్చేశానా ఏంటి?” అని నేను అరిస్తే, “ఉప్పెక్కువైనట్టుందమ్మా, సగంలో వదిలేసి వచ్చేశాయి” అనేది అటువైపు నుంచి. ఆ మనిషితో ఏం పోట్లాడతాం?

ఇక అక్క. అక్కది గంపలగూడెం దగ్గర పల్లె. డ్వాక్రా మీటింగుల్లో మాకు పరిచయమైంది, మా ఇద్దరికంటే పెద్దది. ఆదివారం చర్చి అయిపోగానే తెల్లచీరలోనే ఆటో ఎక్కి వదిన ఇంటికి వచ్చేసేది. వాళ్లిద్దరి స్నేహమంతా కోళ్ల మీదే నడిచింది. మా వైపు కోళ్లని పాలుకివ్వడం అని ఒక పద్ధతి ఉంది. పెట్టని ఒకరు ఇస్తారు, ఇంకొకరు సాకుతారు, పిల్లలైనా గుడ్లయినా చెరి సగం. వదిన ఇచ్చిన పెట్టలు అక్క దగ్గర, అక్క ఇచ్చినవి వదిన దగ్గర పెరిగేవి. పాలు కోడిని ఒకరి మాట మీద కొయ్యకూడదు, ఇద్దరూ సరేనంటేనే కత్తి పట్టాలి. చుట్టాలొచ్చినప్పుడల్లా వదిన ఫోను చేసేది. “ఏం చేద్దామక్కా?” అంటే అక్క “నీ ఇష్టం” అనేది. “అట్టా కాదు, నువ్వు చెప్పు” అంటే మళ్లీ “నీ ఇష్టమే పిల్లా.” కొయ్యమనే మాట ఇద్దరిలో ఒక్కరికీ నోటికి వచ్చేది కాదు. చివరికి వాకిలి నిండా నాటుకోళ్లు పెట్టుకుని వదిన వాళ్లాయన తిరువూరు వెళ్లి బ్రాయిలర్ చికెన్ తెచ్చేవాడు. చుట్టాలు దాన్ని తింటూ, వాకిట్లో తిరుగుతున్న కోళ్ల వంక ఆశగా చూసేవాళ్లు.

పోయిన వేసవిలో గంపలగూడెం వైపు కోళ్లకి కొక్కెర తెగులు వచ్చిందన్నారు. ముందు కోడి నలతగా మూల కూర్చుంటుంది, తర్వాత పచ్చగా పారుతుంది, మెడ మెలితిరిగి పోతుంది. ఊళ్లో తెగులు పడితే బతికున్న కోళ్లని గంపలో పెట్టి పక్కూళ్లో ఉన్న అయినవాళ్లింటికి దాటించడం మా వాళ్లకి ఎప్పటి నుంచో అలవాటు. కోడితో పాటు తెగులు కూడా ఆ గంపలోనే ప్రయాణం చేస్తుందని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు. పశువుల డాక్టరు గారు మా ఊరొచ్చి ఇంటింటికీ చెప్పి వెళ్లారు. “బయట నుంచి ఒక్క కోడిని కూడా రానివ్వొద్దమ్మా. వచ్చిందంటే ఇక నా చేతుల్లో ఏం లేదు” అన్నారు. వదిన అన్నిటికీ తల ఊపింది. ఆ మర్నాడే, మిట్టమధ్యాహ్నం, అక్క గేటు ముందు ఆటో దిగింది. చంకలో గంప, గంప మీద తడిగుడ్డ.

“ఊళ్లో ఒక్క కోడి మిగల్లేదే. ఇదొక్కటే. నువ్వు పాలుకిచ్చిన పెట్టేగా, నీ కాడైతే బతుకుద్ది” అంది అక్క. ఎండకి ఆవిడ మొహం కందిపోయి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. వదిన ఆ గంప వంక, తన కోళ్ల వంక మార్చి మార్చి చూసింది. నేను వదినని వంటింట్లోకి లాగి, “డాక్టరు గారు ఏమన్నారు? వద్దని చెప్పు” అన్నాను. “నా వల్ల కాదు. నువ్వు చెప్పు” అంది. ఊళ్లో నా నోరంటే అందరికీ భయం. చీర కొంగు బిగించి, ఈ సంగతి ఇప్పుడే తేల్చేస్తానని బయటికొచ్చాను. మెట్టు మీద కూర్చుని, గుడ్డ కాస్త పక్కకి తీసి, పెట్ట ముక్కు దగ్గర వేలితో నీటి చుక్కలు అద్దుతోంది అక్క. నన్ను చూసి నవ్వింది. “మజ్జిగ తాగుతావా అక్కా?” అన్నాను. అంతే, మజ్జిగ కోసం మళ్లీ వంటింట్లోకే వెళ్లాను.

వదిన ఆ పెట్టని వాకిలి చివర పాత బాత్రూములో పెట్టి తలుపేసింది. దానికి మేత వేసి వచ్చి కాళ్లు కడుక్కునేది, చేతులు సబ్బుతో తోముకునేది. ఏం లాభం? ముందు పుంజు పోయింది. మా ఆయన్ని బైకు దిగనివ్వకుండా ముక్కుతో పొడిచే పుంజు, తల నేలకి ఆనించి కూర్చుంటే చూడలేకపోయాను. వదిన పసుపునీళ్లు పట్టింది, వెల్లుల్లి నూరి మింగించింది, ఎవరు ఏది చెబితే అది చేసింది. డాక్టరు గారు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. రోజూ పొద్దున తలుపు తీసేసరికి ఒకటో రెండో. పొదిగే పెట్ట కూడా గుడ్ల మీదే పోయింది. మామిడిచెట్టు కింద వాళ్లాయన గొయ్యి తవ్వుతుంటే నాకు ఏడుపాగలేదు. కోళ్ల కోసం ఏడ్చానంటే నవ్వుతారేమో, నవ్వండి. ఆ గొయ్యి దగ్గర ఉండగానే అక్క ఫోను. “మన పెట్ట ఎట్టుందే?” వదిన మట్టిచేత్తోనే ఫోను పట్టుకుని, “లేచింది అక్కా, నూకలు తింటోంది” అంది. నిజమే, అదొక్కటే లేచింది. “నీయి ఎట్టున్నాయి?” అని అడిగింది అక్క. “బానే ఉన్నాయి” అంది వదిన.

తెగులు తగ్గిందని తెలిశాక అక్క పెట్టని తీసుకెళ్లడానికి వచ్చింది. దాని మెడ ఒక పక్కకి వాలిపోయి, ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. అక్క దాన్ని ఎత్తుకుని ముద్దాడి, అప్పుడు వాకిలి చూసింది. కడిగి బోర్లించిన గంపలు చూసింది. “కోళ్లేవే?” అంటే వదిన “ఎండలకి సాకలేక అమ్మేశానక్కా” అంది.

“పొదిగే పెట్టని కూడానా?”

వదిన ఒక గంపని ఎత్తి మళ్లీ అక్కడే బోర్లించింది. అక్క మెల్లగా మెట్టు మీద కూలబడింది. “నేనేగా తెచ్చింది... నీకు ముందే తెలుసా?”

“తెలుసక్కా.”

“మరి వద్దనొచ్చుగా?”

“ఎట్టా అంటాను? అంత ఎండలో వచ్చావు.”

అక్క పెట్టని తీసుకెళ్లలేదు. తీసుకెళ్లే మొహం లేదంది. ఆ తర్వాత డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. తెగులు సోకి బతికిన కోడిలో ఆ తెగులు ఇంకా ఉండొచ్చట. కాబట్టి అది వాకిట్లో ఉన్నన్నాళ్లు కొత్త కోళ్లని తేవద్దన్నారు, దాన్ని తీసెయ్యమన్నారు. కోళ్లు లేకపోతే వదినకి తెల్లవారినట్టే ఉండదు. నూకల గిన్నె పట్టుకుని ఖాళీ వాకిట్లో నిలబడుతుంది. కానీ అది పాలు పెట్ట. వదిన ఫోను చేసి “ఏం చేద్దామక్కా?” అంటుంది. “నీ ఇష్టం” అంటుంది అక్క, గొంతు తగ్గించి. ఇటువైపు వదినా అదే మాట అంటుంది. మధ్యలో నేను అడగబోతే నాకూ ‘నీ ఇష్టం’ అనే చెబుతారు. నాకేం ఇష్టం ఉంటుంది? ఆ పెట్ట అప్పుడొకటి ఇప్పుడొకటి పెట్టే గుడ్లలో సగం పాలు ప్రకారం అక్కకి వెళ్తాయి. మిగతావి వదిన తినదు, పారెయ్యదు.

ఇక దాన్ని కాలానికే వదిలేశాం. ముసలిదై ఎప్పుడో దానంతటదే పోతుంది, అప్పుడు కొత్త కోళ్లు తెచ్చుకోవచ్చని వదిన ఎదురుచూస్తోంది. పొద్దున్నే ఆ పెట్ట గూట్లోంచి బయటికి రావడం ఒక్క నిమిషం ఆలస్యమైందా, చేతిలో నూకల గిన్నె అక్కడే పారేసి పరుగెత్తేదీ వదినే.